ఒక్క మాట చేరితే చాలు
(అమెచ్యూర్ రేడియోలో డిజిటల్ గొంతు – ఒక పరిచయ పాఠం)

ప్రియమైన తమ్ముళ్ళారా, ఒకప్పుడు ఇదే వరండాలో నా పక్కన కూర్చొని చదువుకున్న మిత్రులారా,

వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమని వార్డెన్ సారు అడిగారు. "పిల్లలకు సమజయ్యేటట్టు ఉండాలె, పరీక్షకు గూడ పనికి రావాలె" అన్నారు. నాకు తెలిసిన విద్య రేడియో ఒక్కటే. కనుక దానిమీదే రాస్తున్నాను. పాఠంలోకి వెళ్ళేముందు, నేను రేడియో ఎందుకు నేర్చుకున్నానో చెప్పాలి.

2009 అక్టోబరు 2. నేను దసరా పండుగకు ఇంటికి పోయి ఇంకా హాస్టలుకు తిరిగి రాలేదు. మా నాయన తాపీ పనికి ఆలంపూర్ వెళ్ళి ఉన్నాడు. ఆ రోజు తుంగభద్ర, కృష్ణ రెండూ పొంగాయి. అవతలి ఒడ్డున కర్నూలు మునిగింది. ఇవతల మన ఆలంపూర్ మునిగింది. మా ఊరి కిరాణా కొట్టు ముందు రూపాయి బిళ్ళ వేసే ఫోను ఒకటి ఉండేది. మా అమ్మ కొంగున రూపాయి బిళ్ళలు మూట కట్టుకొని దాని ముందే నిలబడింది.

"అన్నా, కలిసిందా?"

"లేదక్కా. మల్ల జూస్త, నువ్వు జర కూసో."

మూడు రోజులు ఆ ఫోను కలవలేదు. నాలుగో రోజు నాయన బురద కాళ్ళతో ఇంటికి వచ్చాడు. ఒక మిద్దెమీద పదిమందితో కలిసి కూర్చొని ప్రాణాలు దక్కించుకున్నాడట. ఆయన మొదటి రోజు నుంచీ క్షేమమే! ఆ ఒక్క మాట ఇంటికి చేరలేదు, అంతే. ఆ మూడు రోజుల్లో మా అమ్మ పడిన బాధ నేను మరువలేదు. మాటను ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడం ఎంత పెద్ద పనో నాకు అప్పుడే తెలిసింది.

ఇక పాఠం మొదలుపెడదాం.

1. అమెచ్యూర్ రేడియో అంటే ఏమిటి?

లాభం కోసం కాకుండా, నేర్చుకోవడానికి, ప్రయోగాలు చేయడానికి, ఆపదలో సాయపడడానికి లైసెన్సు పొంది సొంత రేడియో కేంద్రం నడిపే పద్ధతినే అమెచ్యూర్ రేడియో అంటారు. వాడుకలో 'హామ్ రేడియో' అని పిలుస్తారు. ప్రతి హామ్‌కు ఒక సంకేత నామం ఉంటుంది. మన దేశంలో అవి ఎక్కువగా వీయూ2, వీయూ3 అక్షరాలతో మొదలవుతాయి.

ఈ విద్యకు మన హైదరాబాదు పాత చిరునామా. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ 1983లో అక్కడ ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్ళి రేడియో కేంద్రం పెట్టారు. అది ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడే సరదా కార్యక్రమం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. సరదాకు పెట్టిన ఆ కేంద్రమే, దీవులలో చిక్కుకున్నవారి క్షేమ సమాచారాన్ని సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం దాటించి మన ప్రధాన భూభాగానికి చేర్చింది. మధ్యలో ఏ టవరూ లేదు, ఏ తీగా లేదు. ఒక రేడియో, ఒక ఆంటెనా, కరెంటు, తెలిసిన మనిషి – ఇవే ఉన్నాయి.

అది పాత అనలాగ్ పద్ధతి. నేడు హామ్‌లు డిజిటల్ గొంతును కూడా వాడుతున్నారు. దానివల్ల లాభం ఎంత, నష్టం ఎంత అన్నదే ఈ పాఠంలో ముఖ్య ప్రశ్న.

2. పాత పద్ధతి: అనలాగ్

మీరు మైకు ముందు మాట్లాడితే గాలిలో కలిగే కంపనాలను మైకు విద్యుత్ కంపనాలుగా మారుస్తుంది. ఎఫ్.ఎం. పద్ధతిలో ఈ కంపనాలకు అనుగుణంగా రేడియో తరంగపు పౌనఃపున్యం కొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అవతలి రేడియో ఆ హెచ్చుతగ్గులను తిరిగి ధ్వనిగా మారుస్తుంది. గొంతు ఆకారం ఎక్కడా తెగకుండా సాగుతుంది కనుక దీనిని అనలాగ్ అంటాం.

దూరం పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడుతుంది. 'సుయ్' మనే రొద పెరుగుతుంది. అయినా మన చెవి గొప్పది. జాతరలో వేయి గొంతుల మధ్య మన అమ్మ పిలుపు పట్టుకున్నట్టే, రొదలోంచి మాటను ఏరుకుంటుంది. సగం మాట విని మిగతా సగం ఊహించగలదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

3. గొంతు అంకెలుగా ఎలా మారుతుంది?

డిజిటల్ పద్ధతిలో మొదట గొంతును కొలుస్తారు. సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా రాస్తారు. బిట్ అంటే 0 లేదా 1. అప్పుడు సెకనుకు 8000 × 16 = 1,28,000 బిట్లు అవుతాయి. హామ్‌ల ఇరుకు మార్గంలో ఇంత భారం పోదు.

ఇక్కడ మన ఊరి ఉదాహరణ ఒకటి చెబుతాను. ఆలంపూర్‌లో మీరు చూసే సంగమేశ్వరాలయం మొదట ఇక్కడిది కాదు. కూడవెల్లి దగ్గర కృష్ణా తుంగభద్రల సంగమంలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోతుందని దానిని విప్పి, రాళ్ళను తెచ్చి, ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. ఏ రాయి ఎక్కడిదో లెక్క ఉంది కనుకనే గుడి మళ్ళీ గుడి అయింది. డిజిటల్ అంటే ఇదే. విప్పడం, లెక్క పెట్టడం, చేర్చడం, మళ్ళీ కట్టడం.

కానీ రాళ్ళన్నీ మోయాలంటే ఎన్నో బండ్లు కావాలి. అదే గుడిని దూరదేశంలో కట్టించాలనుకోండి, రాళ్ళు మోయనక్కరలేదు. కొలతల కాగితం పంపితే చాలు. అక్కడి శిల్పి అక్కడి రాయితోనే కడతాడు. 'వొకోడర్' అనే సాధనం చేసేది ఈ పనే. అది గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది. ఒక్కో ముక్కలో శ్రుతి ఎంత, అది 'ఆ' వంటి నాదమా 'స' వంటి ఊపిరా, నోటి ఆకారం వల్ల ఏ పౌనఃపున్యాలకు బలం వచ్చింది అని చూస్తుంది. ఆ వివరాలు మాత్రమే రాసి పంపుతుంది. అవతలి రేడియో ఆ కాగితం చూసి కొత్తగా గొంతును తయారు చేస్తుంది.

లెక్క చూడండి. 20 మిల్లీసెకన్ల ముక్కలు సెకనుకు 50 వస్తాయి. కొలిచిన గొంతులో ఒక్కో ముక్క 160 కొలతలు, అనగా 2560 బిట్లు. డి.ఎం.ఆర్. అనే పద్ధతిలోని వొకోడర్ అదే ముక్కను 49 బిట్లకు కుదిస్తుంది! సెకనుకు 49 × 50 = 2450 బిట్లు. భారం సుమారు 52వ వంతుకు తగ్గింది.

అందుకే డిజిటల్‌లో వినే గొంతు కొంచెం యంత్రం మాట్లాడినట్టు ఉంటుంది. మీరు వింటున్నది మిత్రుని గొంతు కాదు, అతని గొంతు కొలతలతో కట్టిన మరో గొంతు.

4. తప్పులు దిద్దుకోవడం, దాని హద్దు

దారిలో కొన్ని బిట్లు తారుమారు అవుతాయి. 1 పంపితే 0 చేరవచ్చు. దీనికి ఉపాయం, కొన్ని అదనపు బిట్లు జోడించడం. తేలిక ఉదాహరణ: 1 అనడానికి బదులు 111 అని మూడుసార్లు పంపండి. అవతల 101 అని చేరితే, రెండు 1లు ఉన్నాయి కనుక అసలుది 1 అని తేలుతుంది. ఒక తప్పు దిద్దబడింది. కానీ రెండు తప్పులై 100 అని చేరితే? యంత్రం 0 అని నిశ్చయంగా, తప్పుగా తేలుస్తుంది.

నిజమైన రేడియోలలో ఇంతకంటే తెలివైన పద్ధతులు వాడతారు. 1949లో మార్సెల్ గోలే కనుగొన్న సంకేతం వాటిలో ఒకటి. అందులో 12 అసలు బిట్లకు మరో 12 జోడించి 24 చేస్తారు. వాటిలో 3 తప్పుల వరకు దిద్దవచ్చు. డి.ఎం.ఆర్.లో 49 బిట్ల ముక్కకు ఇలాంటి రక్షణ 23 బిట్లు కలిపి 72 చేస్తారు.

మూడు తప్పుల వరకు మాట తేటగా వినబడుతుంది. రొద అసలు ఉండదు. తప్పులు అంతకు మించితే మాట తేట తగ్గదు, ఒక్కసారిగా ముక్కలై మాయమవుతుంది. అనలాగ్ వాగులో దిగినట్టు మెల్లమెల్లగా లోతుకు పోతుంది. డిజిటల్ బావి గట్టు వంటిది. గట్టుమీద ఉన్నంతసేపు కాలు తడవదు. ఒక్క అడుగు దాటితే నేల ఉండదు. అనలాగ్‌లో సగం మాట పట్టుకున్న మన చెవికి ఇక్కడ పని ఉండదు. ఏరుకోవడానికి మాటే మిగలదు కదా!

5. ముఖ్యమైన పద్ధతులు

డీ-స్టార్: జపాన్ అమెచ్యూర్ రేడియో లీగ్ ఆధ్వర్యంలో 1990ల చివర మొదలైన పరిశోధన ఫలితం. హామ్‌ల కోసమే తయారైంది. గొంతుకు 2400, రక్షణకు 1200, చిన్న సందేశాలకు 1200 కలిపి సెకనుకు 4800 బిట్లు.

డి.ఎం.ఆర్.: యూరప్ ప్రమాణాల సంస్థ 2005లో ప్రచురించినది. కంపెనీలు, భద్రతా సిబ్బంది వాడకానికి ఉద్దేశించినది. హామ్‌లు దానిని తమ పనికి మలచుకున్నారు. ఒకే 12.5 కిలోహెర్ట్జ్ మార్గాన్ని 30 మిల్లీసెకన్ల వంతులుగా పంచి రెండు సంభాషణలు నడుపుతుంది. ఒకే గేటు నుంచి రెండు వరుసలవాళ్ళు ఒకరి తరువాత ఒకరు లోపలికి పోయినట్టు. మన రేడియో సగం సమయమే ప్రసారం చేస్తుంది కనుక బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది.

సిస్టమ్ ఫ్యూజన్: జపాన్‌కు చెందిన యేసు కంపెనీ 2013లో తెచ్చినది. దీని రిపీటర్లు డిజిటల్‌తో పాటు పాత ఎఫ్.ఎం.ను కూడా అందుకోగలవు.

ఫ్రీడీవీ: 2012లో వచ్చింది. ఇది దూరదేశాలకు పోయే హెచ్.ఎఫ్. తరంగాలకు. కంప్యూటరు సాయంతో నడుస్తుంది.

ఎం17: 2019లో పోలండ్‌లో మొదలైంది. దీని సంగతి ముందు చెబుతాను.

ఇందులో ఒక చిక్కు గమనించారా? డీ-స్టార్ రేడియో మాట డి.ఎం.ఆర్. రేడియోకు అర్థం కాదు. డి.ఎం.ఆర్. మాట ఫ్యూజన్‌కు అర్థం కాదు. ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు మూడు భాషలు నేర్చి వచ్చినట్టయింది. ముగ్గురికీ వచ్చిన భాష ఒక్కటే, పాత ఎఫ్.ఎం.

6. ఎందుకు వ్యాపించింది?

మొదట ధర. చైనాలో తయారైన చౌక డి.ఎం.ఆర్. చేతి రేడియోలు వచ్చాక సామాన్య హామ్‌కు కూడా డిజిటల్ అందుబాటులోకి వచ్చింది. రెండవది, హాట్‌స్పాట్. అరచేతిలో పట్టే ఒక చిన్న కంప్యూటరుకు చిన్న రేడియో పలక తగిలిస్తే హాట్‌స్పాట్ అవుతుంది. చేతి రేడియోతో మాట్లాడితే ఆ పెట్టె మాటను అందుకొని ఇంటర్నెట్ ద్వారా లోకమంతటికీ చేరుస్తుంది. పెద్ద ఆంటెనా కట్టుకోవడానికి చోటులేని అపార్టుమెంటువాసులకు ఇది వరమైంది. దుబాయిలో ఉన్న హామ్ హైదరాబాదు మిత్రునితో చేతి రేడియోలో తెలుగులో మాట్లాడగలుగుతున్నాడు. ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఇక్కడే మనం ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ మాట ఎన్ని చేతులు మారుతోంది? రేడియో నుంచి పెట్టెకు. పెట్టెకు కరెంటు కావాలి. పెట్టె నుంచి ఇంటర్నెట్‌కు. దానికి తీగ గానీ సెల్ టవర్ గానీ కావాలి. ఆ టవర్‌కు మళ్ళీ కరెంటో డీజిలో కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు ఒక్కసారే పోయాయి. అలాంటి రోజున హాట్‌స్పాట్ మీద ఆధారపడిన రేడియో, ఎంత ఖరీదైనదైనా, మా ఊరి కిరాణా కొట్టు ముందరి రూపాయి ఫోనుతో సమానమే.

పొరబడకండి. ఇది డిజిటల్ గొంతు తప్పు కాదు. డి.ఎం.ఆర్. రేడియోలు రెండు మధ్యలో ఏ పెట్టె లేకుండా నేరుగా మాట్లాడుకోగలవు. తప్పు ఎక్కడంటే, దారి ఎలా ఉందో తెలియకుండా దానిని నమ్ముకోవడంలో.

7. మన ఊరికి లెక్క

నేరుగా మాట్లాడితే ఎంత దూరం పోతుంది? చేతి రేడియోల వీ.హెచ్.ఎఫ్. తరంగాలు దాదాపు చూపు పోయినంత దూరం పోతాయి. భూమి గుండ్రం కనుక ఎత్తు పెరిగితే దూరం పెరుగుతుంది. సూత్రం ఇది:

దూరం (కి.మీ.) = 4.12 × (√మొదటి ఆంటెనా ఎత్తు + √రెండవ ఆంటెనా ఎత్తు)

ఎత్తులు మీటర్లలో. ఇద్దరూ నేలమీద నిలబడితే ఆంటెనాలు 1.5 మీటర్ల ఎత్తున ఉంటాయి. √1.5 = 1.22. దూరం 4.12 × 2.44 = సుమారు 10 కి.మీ. ఇది కాగితం మీది గరిష్ఠం. చెట్లు, ఇళ్ళు, మిట్టలు అడ్డం వస్తే ఇంకా చాలా తగ్గుతుంది.

ఇద్దరూ మిద్దెలెక్కి ఆంటెనాలను 9 మీటర్ల ఎత్తున నిలిపితే √9 = 3. దూరం 4.12 × 6 = సుమారు 24.7 కి.మీ. ఆలంపూర్ నుంచి కర్నూలుకు రోడ్డు చుట్టూ తిరిగి పోతుంది గానీ, పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే పదీ పన్నెండు కిలోమీటర్లే. అంటే వరదలో రెండు ఒడ్లు తెగిపోయినా, రెండు మిద్దెలమీది రెండు రేడియోలు, రెండు బ్యాటరీలతో మాట్లాడుకునే అవకాశం ఉంది. ఏ టవరూ అక్కరలేదు. మా నాయన కూర్చున్నది కూడా మిద్దెమీదే! అక్కడ రేడియో లేదు, దానిని వాడడం తెలిసిన మనిషి లేడు.

ఇప్పుడు ఏ పద్ధతి మేలు? దగ్గరగా, సంకేతం బలంగా ఉంటే డిజిటల్ మేలు. మాట తేటగా ఉంటుంది, బ్యాటరీ ఆదా అవుతుంది, ఒకే మార్గంలో రెండు జట్లు పనిచేయవచ్చు. సంకేతం అంచున ఉంటే, లేదా అవతలివారి దగ్గర ఏ రకం రేడియో ఉందో తెలియకపోతే, ఎఫ్.ఎం.కు మారడం మేలు. చాలా డిజిటల్ రేడియోలలో ఎఫ్.ఎం. కూడా ఉంటుంది. ఎప్పుడు ఏది తిప్పాలో తెలిసి ఉండటమే విద్య.

8. తెరిచి చూడగలిగిన పెట్టె

డీ-స్టార్, డి.ఎం.ఆర్., ఫ్యూజన్ మూడింటిలోనూ వాడే వొకోడర్ ఒక అమెరికా కంపెనీ సొత్తు. అది చిప్ రూపంలో మూసి వస్తుంది. లోపల గొంతును ఎలా కుదించారో మనం మార్చి చూసేందుకు వీలుండదు. అమెచ్యూర్ రేడియో ముఖ్య ఉద్దేశాలలో ఒకటి నేర్చుకోవడం. నేర్చుకునేవాడి ముందు మూసిన పెట్టె పెడితే ఎలా?

ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ రో అనే ఇంజనీరు జవాబు వెదికారు. 'కోడెక్2' అనే వొకోడర్‌ను రాసి, అందరూ చదివేందుకు, మార్చుకునేందుకు వీలుగా ఉచితంగా విడుదల చేశారు. అందులో ఒక రకం సెకనుకు 700 బిట్లతోనే మాటను పంపగలదు. ఫ్రీడీవీ మొదలైంది, ఎం17 నిలిచింది దీనిమీదే. కంపెనీ రేడియోలంత మంది వాడకంలో ఇవి లేవు. కానీ హాస్టలు కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థి కూడా, రేడియో లేకుండానే, తన గొంతును రికార్డు చేసి కోడెక్2తో కుదించి వినవచ్చు. 3200 బిట్లలో ఎలా ఉంది, 700లో ఎలా ఉంది అని పోల్చవచ్చు. నా దృష్టిలో డిజిటల్ గొంతు మనకిచ్చిన అసలు కానుక ఇదే.

9. మీరేం చేయవచ్చు?

మన దేశంలో 12 ఏళ్ళు నిండినవారు కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ నిర్వహించే అమెచ్యూర్ పరీక్ష రాయవచ్చు. అందులో రేడియో సిద్ధాంతం, నిబంధనలు అని రెండు భాగాలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ సంకేతాలు అక్కరలేదు. జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ కావాలి. సిద్ధాంతంలో ఓమ్ నియమం, కెపాసిటర్, ట్రాన్సిస్టర్, తరంగ దైర్ఘ్యం వంటివే అడుగుతారు. అందులో చాలా భాగం మీ పదవ తరగతి, ఇంటర్ పుస్తకాలలోనే ఉంది. దరఖాస్తుకు ముందు ఆ ఏటి నిబంధనలు చూసుకోండి.

రెండు హెచ్చరికలు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. అలాగే కొన్ని డి.ఎం.ఆర్. రేడియోలలో మాటను రహస్యంగా మార్చే మీట ఉంటుంది. హామ్‌లు దానిని వాడరాదు. మన మాట ఎవరు విన్నా అర్థమయ్యేట్టు ఉండాలి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఏటా వార్షికోత్సవానికి వచ్చి శాలువాలు కప్పుకొని పోతున్నాం. ఈసారి తలా కొంత వేసుకొని నలుగురు పిల్లలకు పరీక్ష రుసుము, పుస్తకాలు ఇప్పిద్దాం. లైసెన్సు వచ్చినవారికి ఎఫ్.ఎం., డిజిటల్ రెండూ ఉన్న రేడియోలు రెండు, వాటికి మంచి బ్యాటరీలు కొనిద్దాం. ఒకటి నది ఇవతల, ఒకటి అవతల. నెలకొకసారి మిద్దెలెక్కి మాట్లాడి చూడనిద్దాం. వరద వచ్చిన రోజున నేర్చుకోవడం కుదరదు.

అభ్యాసం

1. 49 అసలు బిట్లు, 23 రక్షణ బిట్లు కలిసిన ముక్కలు సెకనుకు 50 వస్తే, మొత్తం ఎన్ని బిట్లు?
2. ఒక ఆంటెనా 9 మీటర్లు, మరొకటి 1.5 మీటర్ల ఎత్తున ఉంటే గరిష్ఠ దూరం ఎంత? (√1.5 = 1.22)
3. మీ హాస్టలు నుంచి మీ ఇంటికి చేసే ఫోను మాట ఎన్ని చేతులు మారుతుందో రాయండి. కరెంటు పోతే అందులో ఏవి ఆగిపోతాయో గీత గీయండి.

(జవాబులు: 1. 3600. 2. సుమారు 17.4 కి.మీ. మూడవది మీరే చెప్పాలి.)

చివరగా ఒక లెక్క. "నేను బాగున్న" అని చెప్పడానికి ఒక సెకను చాలు. డి.ఎం.ఆర్. లెక్కన 2450 బిట్లు. 2009లో మా నాయన దగ్గర నుంచి మా అమ్మకు చేరవలసింది అంతే. అది చేరడానికి మూడు రోజులు పట్టింది, అదీ ఆయన నడిచి వస్తేనే. తమ్ముళ్ళారా, రేపు మీలో ఒకరు ఆ సెకనును దాటించగలిగితే ఈ పాఠం ఫలించినట్టే.

మీ
పూర్వ విద్యార్థి